కుడిపక్క గుండె

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. ఫ్యాక్టరీలో పుట్టినప్పటి నుంచి చీకట్లోనే బతికాను, వెలుతురు సోకితే పాడైపోతానట. నా జన్మకు దక్కిన వెలుగు రెప్పపాటు. అదీ మూడు నెలల పసిపిల్ల ఒంట్లోంచి వచ్చింది.

ఆ పిల్ల దమయంతి. పుట్టిన రోజు నుంచీ ముక్కు కారడమే, పాలు తాగితే ఆయాసమే. తల్లి పైడమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టే కూలి. జీడి సొనకు ఆమె వేళ్లు నల్లబడి ఉండేవి.

నన్ను తీసిన టెక్నీషియన్ తొందరలో ఎడమపక్కను చూపే సీసపు గుర్తు పెట్టడం మరిచాడు. నాకేమో ఏది ముందో ఏది వెనకో తెలియని ఒళ్లు. పలాస ఆసుపత్రి డాక్టరుగారు నన్ను లైటుపెట్టెకు తగిలించారు. గుండె కుడిపక్కన కనబడగానే, "మళ్లీ తిరగేసి పెట్టాడు" అని విసుక్కుని తిప్పేశారు. గుండె ఎడమకు వచ్చింది, ఆయన మనసు కుదుటపడింది. నెమ్ము అని మందు రాశారు. నోరుంటే అరిచేదాన్ని. చూసింది నేను, ఆయన నమ్మింది మాత్రం తన అలవాటును.

నాలుగు నెలలు అవే మందులు. ఒకనాడు పైడమ్మ బిడ్డను గుండెలకు ఆన్చుకుని అంది:

"బావూ, దీన్నెత్తుకుంతే నా గుండె మీదే దీని గుండె కొట్టుకుంతంది. పెద్దదానికి ఇలగ నేదు. ఎవుల్తో సెప్పినా నవ్వుతన్నారు."

ఆయన నవ్వలేదు. స్టెతస్కోపు కుడిపక్కన పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత నన్ను వెతికి తీసి, తన చేత్తోనే మళ్లీ తిప్పారు.

"తప్పు నాదేనమ్మా" అన్నారు.

నన్ను పైడమ్మ చేతికిచ్చి, తల్లీబిడ్డలను విశాఖపట్నం పంపారు. ఒంటి లోపల కంటికి కనబడని సన్నని నూగు కదులుతూ ఉండాలట, ఈ పిల్లకు అది పుట్టుకతోనే కదలదట. అందుకే ఊపిరితిత్తుల్లో కఫం కదలలేదు. అందుకే కడుపులో ఉండగానే గుండె పక్క మారింది, ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరలు గుండెలో చేరవలసిన గదికి చేరలేదు. మూడో నెలలో ఆపరేషన్ చేసి ఉంటే దక్కేదేమో అన్నారు అక్కడి డాక్టర్లు. ఏడో నెలలో చేశారు. దమయంతి తట్టుకోలేకపోయింది.

ఏడాది నిండకుండా ఫోటో తీస్తే దిష్టి అని వాళ్లింట్లో తీయించలేదు. పిల్ల బొమ్మగా మిగిలింది నేనొక్కదాన్నే. పైడమ్మ ట్రంకుపెట్టెలో, పాత చీర మడతల్లో ఉంటాను. మళ్లీ అదే చీకటి. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్లు లేరు, నాకూ దిగులుగానే ఉంటుంది.

పని లేని రోజున ఆమె నన్ను తీసి గుండెలకు ఆన్చుకుంటుంది. ఎటు తిప్పాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలోని గుండె సరిగ్గా ఆమె గుండె మీదికే వస్తుంది. కొట్టుకునేది మాత్రం ఆమెదొక్కటే.