కళ్లు మండేంత ఘాటు

తైలం తీసే బట్టీలో నడుందాకా దిగి అతను నీలగిరి ఆకు తొక్కుతున్నాడు. ఆకు వదులుగా ఉంటే ఆవిరి పక్కలనుంచి జారిపోతుంది, తైలం దిగదు. పైకి వచ్చి మూత బిగించి, అంచుకు మట్టి మెత్తి, పొయ్యిలోకి ఎండుకొమ్మలు ఎగదోశాడు.

అక్కడ అందరూ అతన్ని ముక్కు అంటారు. తైలం దిగే గొట్టం చివర చుక్కను వాసన చూసి, తైలం అయిపోయింది, ఇక దిగేవి నీళ్లే అని చెప్పేవాడు. ఆ ముక్కు పనిచేయక ఆరేళ్లయింది. యజమానికి తెలిస్తే మర్నాటినుంచి రావద్దంటాడు. తెలిసింది భార్యకొక్కదానికే. మధ్యాహ్నం క్యారియరు తెచ్చి గొట్టం పక్కనే కూర్చునేది. "మెల్లగా తిను" అంటే తైలం ఇంకా ఉందని. "తిను, చల్లారిపోతోంది" అంటే మంట ఆపమని.

పది రోజులుగా ఆమె దగ్గుతో మంచం దిగలేదు. అతను గడియారం చూసి మంట ఆపుతున్నాడు.

"ముక్కుకే జలుబు చేసిందా ఏంటి? నిన్న సగం నీళ్లే" అన్నాడు మేస్త్రీ.

"ఆకు ముదురు."

ఛాతీకి రాసుకోమని మొదటిరోజే ఆమెకు సీసాలో తైలం పట్టి ఇచ్చాడు. రోజూ బయల్దేరేముందు అడిగేవాడు. ఇవాళా అడిగాడు.

"ఘాటుగా ఉందా?"

"కళ్లు మండిపోతున్నాయి. నువ్వెళ్లు, మేస్త్రీ అరుస్తాడు." కళ్లు తుడుచుకుంది కూడా.

మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చింది. చేతిలో క్యారియరు లేదు.

"పద అన్నయ్యా. వదిన ఇక లేవదు."

మంట ఆపకుండానే వెళ్లిపోయాడు.

ఇంట్లో అతను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. పక్కింటావిడ తలవైపు సామాను తీస్తూ సీసా మూత విప్పింది. వాసన చూసింది. అరచేతిలో వంపుకుంది.

"తైలం సీసాలో నీళ్లు పోసుకుందేంటి అన్నయ్యా?"

షెడ్డు మూలన రెండు క్యాన్లు ఉంటాయి. ఒకటి తైలానిది, ఒకటి కడుగునీళ్లది. ఆ రోజు ఏది వంచాడో గుర్తుచేసుకోబోయాడు. గుర్తు రాలేదు. సీసా అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు.

ఆమె రోజూ అతని ఎదుటే రాసుకునేది.

సీసా కిటికీలో పెట్టాడు. ముప్పాతిక ఖాళీ అయిపోయింది.