ఫ్యాన్‌కి పెట్టిన బొట్టు

నేను కంప్యూటర్ వేగం పెంచిన ప్రతిసారీ అది పది నిమిషాలకే ఆగిపోతోంది.

"వేగం తగ్గించవే. కంపెనీవాళ్లు ఇచ్చినదానితో సరిపెట్టుకోవచ్చుగా," అన్నారు మా ఆయన పార్థసారథి, టీవీ రిమోట్ పట్టుకుని సోఫాలోంచి లేవకుండానే. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. స్క్రూడ్రైవర్ ముట్టరు.

సరిపెట్టుకోవడానికా లండన్ ఈస్ట్ హామ్‌లో ఈ ఇరుకు ఫ్లాట్‌లో సగం టేబుల్ దీనికి ఇచ్చింది? చేత్తో తిప్పే మరలు విప్పి పక్క మూత తీశాను. మదర్‌బోర్డు మీద చిప్‌సెట్ అనే వేడెక్కే చిప్‌ని చల్లబరిచే బుల్లి ఫ్యాన్ తిరగడం లేదు. రెక్కల మధ్య ఎర్రగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకితే కుంకుమ! దసరాకి ఆయుధపూజ అంటూ, మూత తీసి మరీ తడి బొట్టు పెట్టింది ఈయనే.

ఆ ఫ్యాన్ పీకేశాను. చిప్ మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు తుడిచి కొత్తది రాశాను. పాడైన పాత బోర్డు నుంచి తీసిన వేడిని పీల్చే వెడల్పాటి లోహపు హీట్‌సింక్ బిగించి, దాని మీదికి గాలి కొట్టేలా పెద్ద ఫ్యాన్ పెట్టాను. వేగం ఇంకో మెట్టు పెంచాను. గంట గడిచినా ఆగలేదు.

"చాల్లే, ఇకనైనా తగ్గించు," అన్నారాయన.

"ఇంకా పెంచుతాను. వచ్చే దసరాకి దీని జోలికి రాకండి. ఆ రిమోట్‌కి పూజ చేసుకోండి. మీరు పట్టే ఆయుధం అదొక్కటే."