జంగప్ప పేరు రాస్తే

మహేశ్వరి చనిపోయి ఏడాది దాటింది. పిల్లలకు పాఠం చెప్పడం మాత్రం మానలేదు.

వికారాబాద్ బడిలో కంప్యూటర్ టీచరుగా ఉన్నప్పుడు, ప్రోగ్రామింగ్ ఓనమాలు నేర్పడానికి ఆమె చిన్న చిన్న పాఠాలు తయారు చేసింది. ఏ టీచరైనా తీసుకుని తన పాఠంలో అతికించుకోవచ్చు. కుల్కచర్లలో తెరిచినా, కోట్‌పల్లిలో తెరిచినా వచ్చేది వికారాబాద్ బడి కంప్యూటర్ నుంచే. మొదటి పాఠంలో పిల్లలు తమ పేరు రాయాలి. ఏ పేరు రాసినా తన గొంతుతో పిలిచేలా మిషన్‌కు నేర్పింది.

ఆమె భర్త జంగప్ప తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేస్తాడు. ఆ పాఠాలంటే అతనికి మంట. ఆమె ఇంట్లో ఉన్న కాస్త పొద్దునూ అవే మింగాయి.

ఒకనాడు ఆమెతో పనిచేసిన రెబెక్క ఫోన్ చేసి రమ్మంది. రైలు దిగి నేరుగా బడికి పోయాడు.

"అన్నా, కుల్కచర్లల నీ పేరోడే ఒక పిల్లగాడు జడుసుకున్నడు. పేరు రాస్తే పిలుస్తలేదంట. ఇంకేందో అంటుందంట."

"చచ్చినోళ్లతోని సదువు చెప్పిస్తే జడుసుకోక నవ్వుతరా?"

"జర నువ్వు విను. ఉంచాల్నో తీసెయ్యాల్నో నువ్వే చెప్పు."

జంగప్ప ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు రాశాడు.

"ఇగో... ఇంటున్నవా?"

స్పీకరులోంచి మహేశ్వరి గొంతు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె మొగుడి పేరు నోట పలకలేదు. ఇలాగే పిలిచేది.

"గీ పేరొస్తే పలుకొద్దని అక్క ప్రోగ్రాంల షరతు రాసింది," అని రెబెక్క తెర చూపించింది. "అందరు జంగప్పలు ఆమె మొగుళ్లేనా చెప్పు!"

అతని ధ్యాస గొంతు మీదే ఉంది. పాఠాల్లో ఆమెది గలగలలాడే గొంతు. ఇది బొంగురుగా ఉంది. మంచం పట్టిన ఆఖరి రోజుల గొంతు. అప్పుడు ఆమె లేచి కూర్చోలేదు, మైకు ముట్టలేదు.

"గిది ఎప్పుడు రికార్డు చేసింది?"

"అదే సమజైతలేదన్నా. ఎంత దేవులాడినా గా మాట యాడ లేదు. షరతు కింద ఖాళీ."

"ఇగో... ఇంటున్నవా?"

నోటిదాకా వచ్చిన జవాబును మింగేశాడు. చచ్చినవాళ్లు పిలిస్తే పలకరాదని అతని తల్లి చెప్పేది.

"తీసెయ్యి. నాతోని పనుంటే నన్ను పిలవాలె. మంది పిల్లలనెందుకు?"

"తీసినంక మల్ల వస్తదో రాదో నాకెరుక లేదు."

"తీసెయ్యమన్న గద!"

రెబెక్క షరతు చెరిపేసింది. అతను మళ్లీ పేరు రాశాడు.

"జంగప్పా!"

గలగలలాడే గొంతు. ఆమెదే. ఎన్నడూ పలకని పేరును, బడిపిల్లాణ్ణి పిలిచినట్టు, బెదురు లేకుండా పలికింది. జంగప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇది మా ఆమె గాదు. ముందటిదే పెట్టు."

రెబెక్క షరతును ఉన్నదున్నట్టు తిరిగి రాసింది. పేరు కొట్టింది. చప్పుడు లేదు. మళ్లీ కొట్టింది. లేదు.

పక్క తరగతిలో గలగలలాడే ఆ గొంతు సహస్రను పిలిచింది, దీక్షితను పిలిచింది, శభాష్ అంది.

జంగప్ప వంగి స్పీకరుకు చెవి ఆనించాడు.

"ఇంటున్న," అన్నాడు. "చెప్పు."