మూత పోయిన సబ్బు సొరుగు

నేను ఒక సబ్బు సొరుగుని. అల్మారా సొరుగులో నగలు దాస్తారు, బల్ల సొరుగులో కాగితాలు దాస్తారు. నా కడుపులో మాత్రం ఏదీ దాగకూడదు. ముందు తలుపున్న వాషింగ్ మిషనులో ఎడమ పక్క పైమూల నా చోటు. పోసింది పోసినట్టు కిందికి పంపడమే నా ఉద్యోగం.

నాకు మూడు గదులు. మరీ మురికి బట్టల్ని ముందోసారి ఉతకడానికి ఒకటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. పెద్దది పౌడరుది. పైనున్న చిల్లుల్లోంచి నీళ్లు పడి పౌడరును డ్రమ్ములోకి తోసుకుపోతాయి. మూడోది బట్టలకు సువాసన పట్టించే కండిషనరుది. అది చివరి జాడింపు దాకా ఆగాలి. అందుకే ఆ గదిలో ఒక చిన్న గొట్టం నిలబెట్టి, దానిమీద బొటనవేలంత మూత పెట్టారు. చివర్లో నీళ్లు పడి గొట్టం అంచు దాటగానే, మూత ఉన్న పుణ్యాన ఆ గొట్టమే గదిలోదంతా చుక్క మిగలకుండా కిందికి లాక్కుపోతుంది. మూత లేదా, పైపైన పొర్లింది పోయి మిగతాది నాలోనే నిలవుండిపోతుంది. ఇంత పెద్ద యంత్రంలో నా పరువంతా ఆ మూతే.

మొదటి యజమానులు కొత్త మోజులో పడి నన్ను కాకినాడలో నానాజీ కొట్టుకు అమ్మేశారు. పాత మిషన్లు బాగుచేసి అమ్ముతాడతను. అక్కడికి అతని పెద్దమ్మ కూతురు నూకరత్నం వచ్చింది. ఆవిడ రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. కూతురు భవ్య నర్సింగు చదువుతోంది. తల్లి బట్టలతో కలిపి ఉతికిన తెల్ల యూనిఫాంకి రొయ్యల వాసన పట్టి, క్లాసులో ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. ఆ వాసన వదిలించాలని తల్లి తాపత్రయం.

నానాజీ ఆవిడ తువ్వాలునే ఉతికి చూపించాడు. ఆ రోజు నేను నా పని నిఖార్సుగా చేశాను.

"మల్లెపూల వాసన వత్తందిరా!" అంటూ నూకరత్నం కళ్లు తుడుచుకుంది.

"నీకు పనికిరానిది అంటగడతానేటక్కా? మనోళ్ల దగ్గరా నా యాపారం?" అన్నాడు.

ఆవిడ ఆటో పిలవడానికి వీధిలోకి వెళ్లగానే, అదే చేత్తో నా మూత ఊడబీకి మరో మిషనుకు తగిలించాడు. ఆ మిషను కొన్నవాడు కొట్టు దాకా వచ్చి నిలదీసే రకం. అక్క నిలదీయదు. నాకు నోరుంటే ఆటోలోనే గొంతు చించుకునేదాన్ని.

నూకరత్నం ఇంట్లో ఏ ఉతుకులో పోసిన కండిషనరు ఆ ఉతుకులో నీళ్లతో కలిసి నాలోనే నిలిచిపోయింది. జిగురు పట్టి, నాకే ఒక కంపు పుట్టింది. సువాసన రావడం లేదని ఆవిడ ఫోను చేస్తే, "నువ్వు తక్కువ పోత్తన్నావక్కా. ఇంకాస్త ఎక్కువ పొయ్యి" అన్నాడు. పాపం, అంచుదాకా పోసింది. ఎక్కువైనదంతా మొదట్లోనే గొట్టంలోంచి జారి, మురికినీళ్లతో కాలవపాలైంది. తెలిసి చెప్పాడు ఆ మాట. మనుషులు పరాయివాళ్లకి భయపడతారు, నమ్మినవాళ్లని వాడుకుంటారు.

ఒక సాయంత్రం భవ్య తల్లి మొహం చూడకుండా అంది: "అమ్మా, నీ బట్టలు నా యూనిఫాంతో కలపకమ్మా."

నూకరత్నం డ్రమ్ములోంచి తన చీరా జాకెట్టూ ఏరుకుని బయట కుళాయి దగ్గరికి పట్టుకెళ్లింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. నా కడుపుమంటంతా నానాజీ మీదే.

ఆ ఆదివారం అతను భోజనానికొచ్చాడు. ఆవిడ కొసరి కొసరి వడ్డించింది.

"మిషను బాగా పన్జేత్తందా అక్కా?" అన్నాడు, నావైపు చూడకుండా.

"నువ్విచ్చింది మంచిదేరా తమ్ముడూ. దాన్నేటనగలం? నా ఒంటి వాసనే పోయేది కాదు" అంది నూకరత్నం.

అతను తలెత్తలేదు. ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాడు.