చూసినంత మేరకే

మొయినాబాద్ దాటినా బస్సు నిండా కొత్తిమీర వాసన.

తడి కట్టలు, తడి గోనెలు. కిటికీ పక్కన సింధుజ.

మెహిదీపట్నంలో కొత్తిమీర దిగిపోతుంది. ఆమె ఇంకో బస్సెక్కి అద్దాల మేడల వైపు వెళుతుంది.

అక్కడ ఆమె పని ఆకాశానికి లెక్క కట్టడం. పైన, భూమి చుట్టూ తిరిగే టెలిస్కోపు ఏ మూలను ఎంతసేపు చూసిందో కూడి, రంగులు వేయడం. ఎక్కువసేపు చూసిన చోట పసుపు. తక్కువ చూసిన చోట నలుపు.

టెలిస్కోపు అంతటినీ ఒకేలా చూడదు...

ఆకాశం రెండు కొసలను మళ్లీ మళ్లీ చూస్తుంది. నడుమ భాగాన్ని అలా చూసి ఇలా పోతుంది. చంద్రుడు దగ్గరికొస్తే ఆ వెలుగుకి ఆ కాస్త చూపూ లెక్కలోకి రాదు.

అద్దాల మేడలంటే ఆమెకు కోపం. అలాంటి ఒక మేడకు అద్దాలు బిగిస్తూనే తమ్ముడు పాండు కింద పడ్డాడు.

ప్రాణం పోలేదు.

ఇప్పుడు సురంగల్‌లో, ముందరి గదిలో, మంచం మీద ఉన్నాడు. కళ్లు తెరిచే ఉంటాయి.

డాక్టరు కంట్లో లైటు వేసి చూశాడు. చేయి గిల్లి చూశాడు. తెలివి లేదు, ఇక రాదు అన్నాడు. మేనమామ నర్సింహ చేవెళ్ల దగ్గర ఇలాంటివాళ్లను ఉంచుకునే చోట మాట్లాడి వచ్చాడు. సింధుజ సరేనంది.

రేపు పొద్దున బండి వస్తుంది.

తల్లి వసంతమ్మది మాత్రం ఒకటే మాట. పిలిస్తే వాడు బొటనవేలు ఆడిస్తాడట. ఎప్పుడూ కాదు... ఎప్పుడో ఒకసారి. చామంతి తోటల్లో కూలి మానుకుని, కళ్లల్లో వత్తులేసుకుని కూర్చుంది. ఎవరూ నమ్మలేదు. కన్నపేగు కదా, లేనిది కూడా కనబడుతుందిలే అనుకున్నారు. సింధుజా అలాగే అనుకుంది.

ఆ రోజు ఆఫీసులో టీమ్ లీడర్ కల్యాణ్ తెర మీద ఒక నల్లటి చోటు చూపించాడు. అక్కడ చుక్క ఒక్కటీ దొరకలేదు, ఖాళీ అని రాసెయ్యమన్నాడు.

"ఖాళీ కాదన్నా. మనం జరసేపే చూసినం."

అనేసింది.

అన్నాక ఆ మాట ఆమెను వదల్లేదు.

తమ్ముణ్ని తాను ఎంతసేపు చూసింది? పొద్దున చెప్పులు తొడుక్కుంటూ. సాయంత్రం చెప్పులు విప్పుతూ. చూడలేక మొహం తిప్పుకోవడమే ఎక్కువ. అంత మాత్రం చూసి — లేడు అనుకుంది.

సిగ్గేసింది. ఏడుపొచ్చింది. మధ్యాహ్నమే ఇంటికి బస్సెక్కింది.

వసంతమ్మ మంచం పక్కనే ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను జూస్త అవ్వా. నువ్వు జర ఒరుగు."

వసంతమ్మ ఆమె మొహంలోకి చూసింది. చేయి తలకింద పెట్టుకుని, నేల మీదే ఒరిగింది. వెంటనే నిద్రపోయింది.

"తమ్మీ..."

వేలు కదల్లేదు.

మళ్లీ పిలిచింది.

కదల్లేదు.

ఎండ గడప దాటి వాకిట్లోకి పోయింది. ఆమె కళ్లు మండుతున్నాయి. నీళ్లు కారుతున్నాయి.

రెప్ప వేయాలంటే భయంగా ఉంది.