ఆర్డిస్ చేసుకున్న తూటాలు

వసంతంలో పొట్టేలు కుమ్మితే ఆర్డిస్ భుజం ఎముక విరిగింది. ఆకులు రాలే వేళకు ఎముక అతుక్కుంది గానీ, పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్నును మాత్రం ఆ భుజం ఇక ఓర్చుకోనంది. దుకాణంలో కొన్న తూటా ఒక్కటి పేల్చి చూసేసరికి ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ సాయంత్రం కాఫీ కెటిల్ ఎత్తడానికి కూడా చెయ్యి రాలేదు.

భర్త ఓర్లిన్ సులువైన దారి చెప్పాడు. ఆమె పేర వచ్చిన దుప్పి పర్మిట్ మీద తాను కొడతాడట, కొట్టింది తానేనని కొమ్ముకు ఆమె చీటీ కడుతుందట. వాళ్ళుండే అమెరికాలోని మోంటానాలో అది నేరమే అయినా ఆ చుట్టుపక్కల మొగుడూ పెళ్ళాలు గుట్టుగా చేసుకునే పనే. ఆర్డిస్‌కు మాత్రం మింగుడుపడలేదు. చలికాలమంతా ఆ మాంసం ముందు పెట్టుకునే కదా దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేది, దాని మీద అబద్ధపు చీటీ ఉంటే ఆ ప్రార్థన ఎక్కడికి చేరుతుందని అడిగింది. అయితే ఈ ఏడు వేట మానుకోమన్నాడు ఓర్లిన్. చిన్నప్పటి నుంచి ఒక్క ఏడూ వదలని మనిషి ఆమె. ఈసారి తుపాకీ గోడకు తగిలిస్తే మళ్ళీ దించేది ఉండదని ఆమెకు తెలుసు.

అందుకే తూటాలు తానే చేసుకోవాలనుకుంది. ఎవరి పొలంలోనో జరిగిన వేలంలో దొరికిన, తూటాలు నొక్కి బిగించే పాత ప్రెస్సు తెచ్చి గ్యారేజీలో బల్లకు బిగించింది. తుపాకీ మందు తయారుచేసే కంపెనీ వాళ్ళు అచ్చువేసిన పుస్తకంలో తక్కువ తన్నుండే తూటాల కొలతలు కూడా ఉన్నాయి. వాటిని వెంట్రుకవాసి కూడా దాటలేదు. పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలను కడిగి, ప్రెస్సులో నొక్కి మళ్ళీ కొలతకు తెచ్చి, గొట్టం గొట్టానికీ మందు తూచి పోసి, మందు సరిగ్గా పడిందో లేదో లోపలికి లైటు వేసి చూసి, ఆ తర్వాతే పైన తేలికపాటి గుండు కూర్చేది.

ఓర్లిన్ కాఫీ కప్పుతో గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు.

"బజారుకెళ్తే పెట్టెడు దొరుకుతాయి. దానికి వారం రోజుల నుంచీ ఈ కుస్తీ ఏంటి మహాతల్లీ?"

"దుకాణంలో మేజోళ్ళు నీ కాళ్ళకి పట్టవని ఏటేటా నేనే అల్లుతున్నాను. అప్పుడు గుర్తురాలేదా నీకు బజారు?"

అతను తన కాళ్ళ వంక చూసుకుని కాఫీ తాగాడు.

పైకి అలా అన్నది గానీ ఆర్డిస్‌కూ సందేహం లేకపోలేదు. ఇది అవసరమా, పంతమా? పంతాన్ని దేవుడు మెచ్చుకుంటాడా? తూచిన మందు గొట్టంలో పోస్తూ ఆయన్నే అడిగేది. త్రాసు ముల్లు కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టాలి కాబట్టి ఆ ప్రశ్న సగంలోనే ఆగిపోయేది.

గడ్డిమోపుల వెనక అట్ట నిలబెట్టి, నల్ల సున్నా గీసి పేల్చి చూశారు. తుపాకీ తన్నలేదు. గొర్రెపిల్ల మూతితో పొడిచినట్టు చిన్నగా నెట్టింది, అంతే. ఓర్లిన్ బైనాక్యులర్ పెట్టుకుని చూసి పగలబడి నవ్వాడు. సున్నాలో ఒక్కటీ తగల్లేదు. అన్నీ జానెడు కింద పడ్డాయి.

"దుప్పికి గిట్టలు చెక్కుతావా ఏంటి వీటితో?"

ఆర్డిస్ నవ్వలేదు, అలగలేదు. నడిచి వెళ్ళి అట్ట చూసింది. కింద పడిన మాట నిజమే. కానీ రంధ్రాలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, సీసా మూత పెడితే కప్పుకుపోయేంత దగ్గరగా ఉన్నాయి. తుపాకీ మీది దుర్భిణి దుకాణం తూటాలకు సరిపోయేలా పెట్టి ఉంది. మెల్లగా పోయే గుండు కిందికి దిగుతుంది, అందులో వింతేముంది? తిరిగొచ్చి దుర్భిణి మరను టిక్కులు లెక్కపెట్టుకుంటూ తిప్పింది. తర్వాతివన్నీ సున్నాలోనే పడ్డాయి. ఓర్లిన్ టోపీ తీసి తల గోక్కుని, వంద గజాలు దాటితే ఇవి పనికిరావన్నాడు. అదీ నిజమే.

నవంబరు మొదటి శనివారం, తెల్లారి పొద్దెక్కాక, వాగుపల్లంలో కొమ్ముల దుప్పి కనిపించింది. పొదల పక్కన తల వంచి మేస్తోంది. ఆర్డిస్ తూటాకు అందనంత దూరంలో ఉంది. పక్కనే పడుకున్న ఓర్లిన్ తన తుపాకీ భుజానికి ఆనించాడు.

"చూసేవాడెవడున్నాడే ఇక్కడ? ఊఁ అను, పడగొట్టేస్తాను."

ఆమె అతని తుపాకీ గొట్టం మీద అరచెయ్యి వేసి కిందికి నొక్కింది. గాలి ఎదురుగా వీస్తోంది, మనిషి వాసన దుప్పికి తగలదు. మోచేతుల మీద పాకడం మొదలుపెట్టింది. గడ్డకట్టిన నేల, మధ్యమధ్య నాగజెముడు ముళ్ళు. దుప్పి తల ఎత్తినప్పుడల్లా ఆర్డిస్ బండరాయిలా బిగుసుకుపోయేది. దించగానే మళ్ళీ కదిలేది. విరిగి అతుక్కున్న భుజం లోపల్లోపల కలుక్కుమంటోంది. ఎండ వీపు మీదికొచ్చింది. చివరికి దుప్పి ముక్కు ముందు ఊపిరి పొగ కనిపించేంత దగ్గరికి చేరింది.

గురి చూసి మీట నొక్కింది. దుప్పి రెండు దూకులు దూకి పొదలో కూలింది. మళ్ళీ కదల్లేదు.

నొప్పి కోసం ఎదురుచూస్తూ ఆర్డిస్ ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. నొప్పి రాలేదు. అప్పుడు వచ్చింది నవ్వు. నేల మీద ముఖం పెట్టుకుని, చిన్నపిల్లలా, ఆపుకోలేకుండా నవ్వింది. దుప్పి దగ్గరికి వెళ్ళి వెచ్చని మెడ మీద చెయ్యి వేసి, ఇచ్చిన దేవుడికీ, ప్రాణం ఇచ్చిన జంతువుకూ కృతజ్ఞత చెప్పింది. చీటీ తనే కొమ్ముకు కట్టి, ముడి గట్టిగా బిగించింది.

ఓర్లిన్ రొప్పుతూ వచ్చాడు. గుండు ఎక్కడ తగిలిందో వంగి చూశాడు.

"ఆ ప్రెస్సు," అన్నాడు నడుం నిలబెట్టి, "నా తుపాకీకి కూడా చేస్తుందా?"

"అది చెయ్యదు. నేను చేస్తాను. నువ్వు బతిమాలితే."

"బతిమాలుతున్నాను."

"ముందిది లాగు. డాక్టరు నన్ను బరువులు ఎత్తొద్దన్నాడు."

ఓర్లిన్ కొమ్ములకు తాడు కట్టాడు. ఆర్డిస్ రెండు తుపాకులూ మంచి భుజానికి తగిలించుకుని గట్టు ఎక్కసాగింది. కాస్త నెమ్మదిగా నడవమని అతను కింద నుంచి కేకేశాడు. ఆమె వినిపించుకోలేదు.