ముక్కల్లేని నేల

వేలం పదకొండింటికి. లువీనియా చాలా ముందే వచ్చి కోర్టు మెట్ల మీద నిలబడింది. చేతిసంచిలో చర్చివాళ్లు తలా కొంత వేసి ఇచ్చిన డాలర్లున్నాయి. పక్కనే మేనల్లుడు క్లిఫ్టన్. వాళ్ల నేల ఉన్న ద్వీపం నుంచి ఆమెను తన కారులో తీసుకొచ్చింది అతనే. ఈ వేలం తెచ్చిపెట్టిందీ అతనే.

"నా ముక్క ఒక్కటే కదత్తా అమ్మాను! ఇలా అవుతుందని నాకేం తెలుసు?"

"ఏదిరా నీ ముక్క? రొయ్యల కాలవ పక్కదా, బెండతోటలోదా? వేలుపెట్టి చూపించు."

ఫిలడెల్ఫియాలో పుట్టి పెరిగినవాడు ఏం చూపిస్తాడు? ఆ మాటకొస్తే ఎవరూ చూపించలేరు. బానిసత్వం పోయాక ఆ నేల కొన్నది లువీనియా తాత. నల్లవాళ్ల నేలలు కోర్టు కాగితాల్లోకి వెళ్లి తిరిగి రాకపోవడం కళ్లారా చూసినవాడు. అందుకే వీలునామా రాయలేదు. "నేల అందరిదీ. పంచొద్దు, కాగితం మీద పెట్టొద్దు" అని చెప్పి కన్నుమూశాడు. తల్లి ఆ మాట దాటలేదు. లువీనియా దాటలేదు. ఇప్పుడు ఆ మాటే మెడకు చుట్టుకుంది. వారసుల్లో ఒక్కడు వాటా అమ్మితే చాలు, కొన్న కంపెనీ నేలంతా వేలం వేయమని అడగొచ్చట. జడ్జి సరేనన్నాడు.

వేలంలో తనే పాడదామని మొన్న అప్పుకోసం బ్యాంకుకు వెళ్లింది. "నేల నీ ఒక్కదాని పేరున లేదుగా, లువీనియా" అన్నాడు మనవడి వయసున్న తెల్ల గుమస్తా. నేల దక్కాలంటే డబ్బు కావాలి. డబ్బు పుట్టాలంటే నేల కావాలి.

వేలం మొదలైంది. ఆమె పాడింది. కంపెనీ మనిషి తలెత్తకుండానే పెంచాడు. ఆమె సంచిలో ఉన్నదంతా పాడేసింది. అతను మళ్లీ పెంచాడు.

క్లిఫ్టన్ ముందుకు దూకాడు. "నా కారు కూడా వేసుకోండి! వాటా అమ్మి కొన్నదే, కొత్తది!" తాళాలు పైకెత్తి చూపించాడు.

మెట్ల కింద నవ్వులు. "కారు కాదబ్బాయ్, నగదు" అన్నాడు వేలందారు. సుత్తి పడింది.

కంపెనీ మనిషి దగ్గరికొచ్చాడు. "పంట కోసుకుపో, లువీనియా. అక్కడున్న మీవాళ్ల సమాధులు కదపంలే. ఎప్పుడైనా చూడాలనిపిస్తే మేం పెట్టే గేటు దగ్గర కాపలావాణ్ని అడుగు, పంపిస్తాడు."

"మా అమ్మ పక్కన నాకు చోటు ఉంచారు సార్. నేను చచ్చాక గేటు దగ్గర ఎవరు అడగాలి?"

అతను వాచీ చూసుకుని వెళ్లిపోయాడు.

క్లిఫ్టన్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కత్తా."

ఆమె రేవువైపు చూసింది. వంతెన కట్టాక పడవలు ఆగిపోయాయి. ఇంటికి వేరే దారి లేదు. సంచి గుండెకు అదుముకుని, తాత నేల మింగిన ఆ కారులోనే ఎక్కి కూర్చుంది.